యాసిడ్‌కి లొంగని రాళ్లు

ల్యాబులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజే రెండు బీకర్లు ఇస్తాను. ఒకదాంట్లో మాలకైట్ పొడి, రెండోదాంట్లో చాల్కోపైరైట్ పొడి. రెండూ రాగి ఖనిజాలే. రెండింట్లోనూ పలుచని గంధకామ్లం పొయ్యమంటాను. ఆకుపచ్చ మాలకైట్ బుసబుసమని పొంగి, కాసేపటికి బీకరంతా నీలం అయిపోతుంది. ఇత్తడి రంగులో ఉండే చాల్కోపైరైట్ మాత్రం అడుగున పోసింది పోసినట్టే ఉంటుంది. సాయంత్రం చూసినా అంతే, మర్నాడు చూసినా అంతే. “యాసిడ్ చాల్లేదేమో సార్” అంటాడు కుర్రాడు. సరే, పొయ్యమంటాను. పోస్తాడు. ఏమీ కాదు. అప్పుడు ఫెర్రిక్ సల్ఫేట్ ద్రావణం కొంచెం కలిపి వేడి చెయ్యమంటాను. గోధుమరంగు ద్రావణం మెల్లగా పచ్చబడటం మొదలవుతుంది. రాగి అప్పుడు దిగడం మొదలుపెడుతుంది.

ఇంజినీరింగు చదివొచ్చినవాళ్లకి ఈ కరగడం వెనకున్న సమీకరణం నోటికి వస్తుంది. కానీ ప్లాంటులో రికవరీ తగ్గిందంటే వాళ్ల చెయ్యి ముందు యాసిడ్ వాల్వు మీదికే పోతుంది. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ చేతిని ఆపడానికే సరిపోయింది.

సల్ఫైడులో లోహాన్ని గంధకం పట్టుకుని ఉంటుంది. ఆ గంధకం దగ్గరున్న ఎలక్ట్రాన్లను ఎవరైనా లాక్కుంటే తప్ప పట్టు సడలదు. మా ప్లాంట్లలో ఆ లాక్కునే పని ఫెర్రిక్ ఇనుముది. అది ఖనిజం దగ్గర ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఫెర్రస్‌గా మారుతుంది, గాలిలోని ఆక్సిజన్ వల్ల మళ్లీ ఫెర్రిక్ అవుతుంది, మళ్లీ వచ్చి ఇంకో ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. యాసిడ్ ఇందులో ఖర్చవుతుంది గానీ దాని అసలు పని ఇనుమును ద్రావణంలో నిలిపి ఉంచడం. యాసిడ్ బాగా పడిపోతే ఫెర్రిక్ ఇనుము పసుపుపచ్చ మడ్డిగా కూర్చుంటుంది, పంపులు పట్టేస్తాయి. అందుకని యాసిడ్ ఉండాలి. కానీ ఉన్నంత మాత్రాన ఏ సల్ఫైడూ కరగదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పిర్రోటైట్ అనే ఇనుప సల్ఫైడు యాసిడ్ తగిలితే చాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వదులుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తోందంటే ఇంకా ఫరవాలేదు. వాయువు మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. అందుకే మా ల్యాబులో కొత్త నమూనా దేనికైనా మొదటి యాసిడ్ పోసేటప్పుడు గ్యాస్ అలారం బల్ల మీద ఉండాల్సిందే. వాసన పోయిందని సంబరపడినవాణ్ణి చెయ్యిపట్టుకుని బయటికి తీసుకెళ్లాలి.

నేను పని నేర్చుకున్నది విశాఖపట్నంలో, 1977లో మొదలైన జింక్ స్మెల్టర్లో. ఇప్పుడది మూతపడింది. మాది కడప జిల్లా. వరంగల్లులో మెటలర్జీ చదివి అక్కడ చేరాను. జింకు ఖనిజం స్ఫాలరైట్ కూడా సల్ఫైడే. దాన్ని అక్కడ నేరుగా యాసిడ్‌లో వెయ్యరు. ముందు 900 డిగ్రీలు దాటిన వేడిలో రోస్టర్లో కాలుస్తారు. గంధకం పొగగా లేచి పక్కన యాసిడ్ ప్లాంటుకి పోతుంది. మిగిలిన కాల్సైన్ జింక్ ఆక్సైడు, యాసిడ్‌లో పడితే నిమిషాల్లో కరుగుతుంది.

అక్కడొక చార్జ్‌మన్ ఉండేవాడు, గాజువాక దగ్గరి మనిషి. నేను చేరిన కొత్తలో “ఏటి బాబూ, ఈ పౌడర్ని కాల్చకుండా యాసిడ్‌లో ఎయ్యలేమేటి? ఇంత నిప్పెందుకు మనకి?” అని అడిగాడు. రోస్టర్ దగ్గర ఎండాకాలం షిఫ్టు చేసినవాడికి తప్పకుండా వచ్చే ప్రశ్న అది. కాల్చడంలో ఇంకో తద్దినం కూడా ఉంది. స్ఫాలరైట్‌లో ఉన్న ఇనుము ఆ వేడికి జింకుతో కలిసి ఫెర్రైట్ అవుతుంది. అది మామూలు యాసిడ్‌కి లొంగదు. దాన్ని వేడి వేడి గాఢ యాసిడ్‌లో విడిగా కరిగించాలి, అప్పుడు దిగిన ఇనుమును మళ్లీ విడిగా దించుకోవాలి. ఒక చిక్కు తప్పించుకోవడానికి కాల్చి, ఇంకో చిక్కు తెచ్చుకోవడమన్నమాట.

ఆయన అడిగింది ఎప్పుడో జరిగింది. కెనడాలోని ట్రెయిల్ పట్టణంలో 1981లోనే స్ఫాలరైట్‌ని ఆటోక్లేవులో, ఆక్సిజన్ ఒత్తిడిలో, 150 డిగ్రీల దగ్గర నేరుగా కరిగించడం మొదలుపెట్టారు. 1993లో ఫ్లిన్ ఫ్లాన్‌లో రోస్టర్ అనేదే లేకుండా మొత్తం జింకు ప్లాంటు నడిపారు. ఫిన్లాండులోని కొక్కోలాలో 1998 నుంచి ఒత్తిడి కూడా అక్కర్లేకుండా, ఎత్తయిన ట్యాంకుల్లో ఆక్సిజన్ ఊది చేస్తున్నారు. పొగ లేదు. గంధకం గంధకంగానే, పసుపు ఘనపదార్థంగా మిగులుతుంది. రోస్టర్లో ఫెర్రైటై విసిగించే ఇనుము ఇక్కడ చుట్టం. స్ఫాలరైట్ స్ఫటికంలో ఇనుము ఎక్కువుంటే ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి, ఖనిజం త్వరగా కరుగుతుంది. స్వచ్ఛమైన జింక్ సల్ఫైడు విద్యుత్తును దాదాపు నడవనివ్వదు, అందుకే అది బద్ధకంగా కరుగుతుంది.

అయితే 150 డిగ్రీల దగ్గర ఒక తిరకాసుంది. గంధకం 119 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కరిగిన గంధకం ఖనిజపు రేణువుల్ని చుట్టేసుకుంటుంది. ల్యాబులోని చిన్న టైటానియం ఆటోక్లేవులో ఇది కావాలని చేసి చూపిస్తుంటాను. విరుగుడు మందేమీ కలపకుండా నడిపి, చల్లార్చి మూత తీస్తే స్లర్రీ అడుగున నల్లటి గుండ్లు దొరుకుతాయి, కొన్ని శనగగింజంత, కొన్ని గోలీకాయంత. కత్తితో ఒకదాన్ని పగలగొట్టి లెన్సులో చూడండి. పసుపు గంధకం మధ్య గోధుమ నలుపు స్ఫాలరైట్ రేణువులు చెక్కుచెదరకుండా, అంచులు కూడా అరగకుండా ఉంటాయి. ఫెర్రిక్ వాటిని చేరనేలేదు. యాసిడ్ ఎంత పోసినా, ఆక్సిజన్ ఎంత ఊదినా ఆ గుండు లోపలికి దారి లేదు. దీనికి విరుగుడు లిగ్నోసల్ఫొనేట్, కాగితపు పరిశ్రమలో గుజ్జు తీసేటప్పుడు వచ్చే చవక పదార్థం. చిటికెడు కలిపితే గంధకం రేణువులకి అంటుకోకుండా విడివిడి బొట్లుగా తేలిపోతుంది. వేడి ఇంకా పెంచుదామా అంటే, 160 దగ్గర కరిగిన గంధకం జిగురులా చిక్కబడుతుంది. అందుకే ఆ 150. అందరూ ఏదో గుండ్రటి అంకె అనుకుంటారు గానీ కింద కరిగే గంధకం, పైన చిక్కబడే గంధకం మధ్య మిగిలిన సందు అది.

విశాఖ తర్వాత జాంబియా కాపర్‌బెల్టుకి వెళ్లాను. అక్కడ నాకు రాగితో పరిచయం. పై పొరల్లో మాలకైట్, కింద చాల్కోసైట్, ఇంకా కిందికి పోతే చాల్కోపైరైట్. నేను చేరిన గనిలో మాలకైట్ అయిపోతూ చాల్కోసైట్ వస్తున్న రోజులు. పిండికొట్టిన రాయిని కుప్పగా పోసి, పైనుంచి గొట్టాలతో ద్రావణం చుక్కచుక్కగా వదిలి, కింద చేరిన రాగి ద్రావణాన్ని చెరువుల్లోకి పట్టేవాళ్లం. మాలకైట్ ఉన్నన్నాళ్లూ అంతా సుఖం. చాల్కోసైట్ పాలు పెరిగాక రాగి మొదట్లో జోరుగా దిగి, సగం దగ్గరికొచ్చి నిలబడిపోయింది. పై ఆఫీసు నుంచి రోజూ ఒకటే ఫోను: మిగతా సగం ఏమైంది?

నాతో పనిచేసే నంద్యాల అబ్బాయి అడిగాడు, “సార్, యాసిడ్ పెంచుదామా?”

“పెంచితే ఏమవుతుంది?”

“కరుగుతుంది కదా సార్.”

“ఏది?”

ఆ ‘ఏది’కి జవాబు మైక్రోస్కోపులో ఉంది. కుప్పలోంచి తీసిన రాళ్లని రెజిన్‌లో పోతపోసి, అద్దంలా నున్నగా రుద్ది, కాంతి పైనుంచి పడే మైక్రోస్కోపు కింద పెట్టాం. మొదట బూడిద తెలుపుగా ఉండాల్సిన చాల్కోసైట్ రేణువులు అంచుల నుంచి నీలంగా మారిపోయి ఉన్నాయి. రెండు పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా పెట్టి వేదికను తిప్పితే ఆ నీలం ఒక్కసారి నిప్పుకణికలాంటి నారింజ రంగుకి మారుతుంది. అది కోవెలైట్ సంతకం. చాల్కోసైట్ రెండు దశల్లో కరుగుతుంది. మొదటి దశలో దాని రాగిలో సగం చకచకా దిగి, మిగిలినది కోవెలైట్‌గా మారుతుంది. ఆ దశకి ఫెర్రిక్ అందితే చాలు, చల్లగా ఉన్నా జరుగుతుంది. రెండో దశలో కోవెలైట్ నెమ్మదిగా కరుగుతుంది, దానికి వెచ్చదనం కావాలి. కాపర్‌బెల్టు సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైన ఉంటుంది. జూన్, జూలై రాత్రులు స్వెట్టరు లేకుండా బయటికి రాలేం. కుప్ప పై పొరకి కూడా చలే.

కాబట్టి మిగతా సగం ఎక్కడికీ పోలేదు, చలికి ముడుచుకుని కూర్చుంది. కుప్పలోకి కిందనుంచి గాలి ఊదే ఏర్పాటు చేసి, ద్రావణం వదిలే వేగం తగ్గించాం. లోపలున్న పైరైట్ అనే ఇనుప సల్ఫైడు ఆ గాలికి ఆక్సీకరణం చెంది వేడినిస్తుంది. ద్రావణం గబగబా పారితే ఆ వేడిని కడిగేసి పట్టుకుపోతుంది. కుప్ప లోపల వెచ్చబడ్డాక రాగి మళ్లీ కదిలింది. యాసిడ్ ఒక్క లీటరు కూడా ఎక్కువ వాడలేదు. దాంతో పై ఆఫీసుకి సంతోషమే గానీ, గాలి ఊదే ఫ్యాన్ల కరెంటు బిల్లు వచ్చాక మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి.

ఆ కుప్పలో నిజమైన కూలీలు మేం కాదు. 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు బొగ్గుగనుల ఆమ్ల నీళ్లలో ఒక బాక్టీరియాని గుర్తించారు. ఇప్పుడు దాన్ని ఆసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నారు. ఫెర్రస్‌ని ఫెర్రిక్‌గా మార్చి, ఆ మార్పులో వచ్చే శక్తితో బతుకుతుంది. ఆమ్లం ఎక్కువున్న నీళ్లలో ఒట్టి గాలి ఆ పని చెయ్యాలంటే ఏళ్లు పడుతుంది. ఈ సూక్ష్మజీవులుంటే పది లక్షల రెట్లు వేగం. దాన్ని ఎవరూ తెచ్చి పోయక్కర్లేదు. సల్ఫైడు, గాలి, తడి ఉన్నచోట అదే వచ్చి చేరుతుంది. చిలీలో 4,400 మీటర్ల ఎత్తున, గాలి పలుచగా ఉండే కెబ్రాడా బ్లాంకా గనిలో 1994 నుంచి చాల్కోసైట్ కుప్పల్ని ఇవే నడిపించాయి. బంగారంలో కూడా వీటి పనుంది. పైరైట్, ఆర్సెనోపైరైట్‌ల లోపల ఇరుక్కున్న బంగారాన్ని సయనైడు చేరలేదు. ముందు ఆ సల్ఫైడుల్ని బాక్టీరియాకి మేపి, తర్వాత సయనైడు పెడతారు. దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో 1986లో మొదలైంది ఆ పద్ధతి.

ఇంతవరకూ చెప్పింది విని, ఫెర్రిక్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటారు ఎవరైనా. చాల్కోపైరైట్ దగ్గర ఆ లెక్క తలకిందులవుతుంది. భూమిలోని రాగిలో ఎక్కువ భాగం ఉన్నది చాల్కోపైరైట్ రూపంలోనే. పరిశోధకుల్ని తరతరాలుగా ఏడిపిస్తున్నదీ అదే.

ద్రావణంలో ఎలక్ట్రాన్లు లాక్కునే బలం ఎంతుందో ప్లాటినం ఎలక్ట్రోడు మిల్లీవోల్టుల్లో చెబుతుంది. ఫెర్రిక్, ఫెర్రస్ సమానంగా ఉంటే సల్ఫేట్ ద్రావణంలో, వెండి క్లోరైడు ఎలక్ట్రోడుతో పోల్చి, దాదాపు 480 చూపిస్తుంది. ఫెర్రిక్, ఫెర్రస్‌లో పదోవంతుకి తగ్గితే మీటరు 60 తగ్గి 420 దగ్గరికి వస్తుంది. నా అనుభవంలో వేడి ట్యాంకుల్లో చాల్కోపైరైట్ హాయిగా కరిగేది ఈ 420, 450 మధ్యలోనే. ఆక్సిజన్ ఇంకా ఊది మీటరుని 500 దాటించండి, మొదటి గంటలో మంచి ఊపు కనబడి తర్వాత రాగి దిగడం దాదాపు ఆగిపోతుంది. నూనె మరీ కాగితే గారె పైన మాడి లోపల పిండి పిండిగానే మిగిలినట్టు, రేణువు చుట్టూ ఒక పొర కట్టుకుని లోపలి ఖనిజం అలాగే ఉండిపోతుంది. చల్లని కుప్పల్లో బాక్టీరియా చేసే అతి సేవ కూడా ఇదే. ఫెర్రస్‌ని చివరి చుక్కదాకా ఫెర్రిక్ చేసి మీటరుని 650 పైకి ఎక్కిస్తుంది. పైరైట్‌కి అది పండగ, చాల్కోపైరైట్‌కి తాళం.

ఆ పొర ఏమిటన్నది పెద్ద తగాదా. గంధకమని కొందరు, లోహం పోయి గంధకం గొలుసులుగా మిగిలిన పాలిసల్ఫైడని కొందరు, పైన పేరుకున్న జారోసైట్ అనే ఇనుప మడ్డి అని ఇంకొందరు. అందరి చేతుల్లోనూ ఫొటోలున్నాయి. నన్నడిగితే అందరూ తమ తమ బీకర్లో నిజంగా ఉన్నదే చూశారు, కాకపోతే ఒక్కొక్కరి బీకరు వేడి, ఇనుము, యాసిడ్ వేరువేరు. మీటరు అదుపులో ఉంచగలిగినవాడికి ఆ తగాదా తేలే దాకా ఆగాల్సిన పని లేదు.

ఆ మీటరు గురించి ఒక మాట. రిపోర్టుల్లో “పొటెన్షియల్ 600” అని రాసి ఊరుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఏ ఎలక్ట్రోడుతో పోల్చి 600? హైడ్రోజన్ ఎలక్ట్రోడు లెక్కలో 600 అంటే వెండి క్లోరైడు లెక్కలో దాదాపు 400. హైడ్రోజన్ లెక్కలో 600 అయితే చాల్కోపైరైట్‌కి మంచి రోజుకి దగ్గర, వెండి క్లోరైడు లెక్కలోనే 600 అయితే చెడ్డ రోజు. ప్లాటినం మీద జారోసైట్ పేరుకుంటే మీటరు అబద్ధం చెబుతుంది కూడా. అందుకే షిఫ్టుకొకసారి ఫెర్రస్‌ని డైక్రోమేట్‌తో టైట్రేట్ చేయిస్తాను. ఫాస్ఫారిక్ యాసిడ్ పోస్తే ఫెర్రిక్ పసుపు పోయి ద్రావణం లేత పచ్చ అవుతుంది, సూచిక రెండు చుక్కలు, బ్యూరెట్టు చివర ఒక్క చుక్కతో మొత్తం ఊదారంగుకి తిరుగుతుంది. ఆ చుక్క మీద నాకున్న నమ్మకం ఏ డిజిటల్ తెర మీదా లేదు.

చాల్కోపైరైట్‌ని లొంగదీసుకోవడానికి దారులున్నాయి, అన్నిటికీ వెల ఉంది. పది మైక్రాన్ల దాకా నూరితే పొర కట్టేలోపే రేణువు అయిపోతుంది, కానీ మిల్లు కరెంటు తాగుతుంది. ఆటోక్లేవులో 200 డిగ్రీలు దాటిస్తే గంధకం మిగలదు, సల్ఫేట్ అయిపోతుంది, పొర పీడే ఉండదు. అయితే గంధకం దగ్గర ఆపితే ఒక పాలు ఆక్సిజన్ చాలే చోట సల్ఫేట్ దాకా తీసుకెళ్తే నాలుగు పాళ్లు కావాలి. ఉప్పు కలిపిన ద్రావణంలో గంధకం పొర గుల్లగా ఏర్పడుతుంది, ఫెర్రిక్ లోపలికి దూరగలుగుతుంది. బదులుగా క్లోరైడు స్టీలుని తినేస్తుంది.

నాకు బాగా నచ్చింది పైరైట్ దారి. రెండు సల్ఫైడులు తాకి ఉంటే ఎలక్ట్రాన్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడుస్తాయి. అందులో పైరైట్ గట్టిది, సీసపు సల్ఫైడు గెలీనా, స్ఫాలరైట్ మెతకవి, చాల్కోపైరైట్ మధ్యస్థం. మెతకది కరుగుతుంది, గట్టిది తాను కరగకుండా ఎలక్ట్రాన్లు అప్పజెప్పే చోటు అవుతుంది. ఈ గుణం పట్టుకుని కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ డిక్సన్ బృందం చాల్కోపైరైట్‌కి పైరైట్ పొడి కలిపి, 80 డిగ్రీల దగ్గర, మీటరు అదుపులో ఉంచి, గంటల్లో రాగి దించింది. పైరైట్ వాడాక తీసి మళ్లీ వాడుకోవచ్చు. అయితే ఏ పైరైట్ పడితే అది పనికిరాదు. దాంట్లో వెండి జాడ ఉంటే దాని పనితనమే వేరు. పనికిమాలిన రాయని గనులవాళ్లు తిట్టుకునే పైరైట్‌కి ఇంత మర్యాద దక్కడం చూస్తే నాకు సరదాగా ఉంటుంది.

అదే పైరైట్ మా కడప జిల్లాలో పిలవని పేరంటం. తుమ్మలపల్లెలో యురేనియం డోలమైట్ రకం సున్నపురాయిలో ఉంది. యాసిడ్ పోస్తే ఆ రాయే మొత్తం తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో వేడిలో, ఆక్సిజన్ ఒత్తిడిలో యురేనియాన్ని కరిగించి తీస్తారు. రాయిలో కొంచెమే ఉన్న పైరైట్ ఆ ఆక్సిజన్‌ని చూసి ఊరుకోదు. తాను కరిగి, ఖరీదైన కార్బొనేట్‌ని తినేసి, సోడియం సల్ఫేట్ తయారుచేసి పెడుతుంది. దాన్ని ద్రావణంలోంచి తీసేసే ఏర్పాటు విడిగా ఉండాల్సిందే. కావాల్సింది యురేనియం, లెక్కలు రాసుకునేది పైరైట్ గురించి.

ఇప్పుడు హైదరాబాదులో చిన్న ల్యాబు పెట్టుకుని నమూనాలు పరీక్షిస్తున్నాను. పెట్టెతో పాటు ఒక కాగితం వస్తుంది: రాగి 0.6 శాతం, రికవరీ ఎంతో చెప్పగలరు. ఆ ఒక్క అంకెతో ఏమీ చెప్పలేను. రాగిని మూడుగా విడగొట్టించి పంపమంటాను. యాసిడ్‌లో కరిగేది ఎంత, ఆ తర్వాత సయనైడులో కరిగేది ఎంత, రెంటికీ లొంగక మిగిలేది ఎంత. మొదటిది మాలకైట్ వర్గం, రెండోది చాల్కోసైట్, కోవెలైట్‌లు, మూడోది దాదాపుగా చాల్కోపైరైట్. పోయిన నెల వచ్చిన పెట్టెకి ఆ పరీక్ష మేమే చేశాం. ముప్పాతిక వంతు మూడో గడిలోనే పడింది. అవతలాయన అప్పటికే కుప్ప వెయ్యడానికి నేల చదును చేయించి, యాసిడ్ ట్యాంకుకి అడ్వాన్సు కూడా ఇచ్చి ఉన్నాడు. ట్యాంకు ఆపి, గ్రైండింగ్ మిల్లూ, నూరిన ఖనిజాన్ని నురగలో తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్ సెల్సూ ఎంతకొస్తాయో కనుక్కోమని చెప్పాను.